బావ కారుకు రిపేరు

ఆ ఆదివారం పొద్దున్న గురునాథరావు పెట్టుకున్న పనులు మూడే. ఫిషింగ్ హార్బరుకు వెళ్లి మంచి వంజరం తేవాలి. కారు కడగాలి. మధ్యాహ్నం రైలుకు స్టేషనుకు వెళ్లి, బావను ఆ కారులోనే భోజనానికి తీసుకురావాలి. ఇందులో మనిషన్నవాడు చెడగొట్టగలిగింది ఏమీ లేదనుకుంటాం. అనుకోవడానికేం!

కారు గురునాథరావుది కాదు, బావది. బావంటే భార్య రోజారమణికి అన్న, స్టీల్ ప్లాంటులో పనిచేసే దొరబాబు. గురునాథరావు పోర్టులో పెయింటింగ్ సూపర్‌వైజరు. ఉప్పుగాలికి తట్టుకునేది ఓడరంగు ఒక్కటేనని ఆయన నమ్మకం. నాలుగేళ్ల కిందట మల్కాపురంలో ఇల్లు కట్టుకుని, దానికీ ఆ బూడిదరంగే వేశాడు. గృహప్రవేశానికి వచ్చిన దొరబాబు పదిమందిలో, "ఇల్లు బాగుంది గానీ బావా, ఎప్పుడు బయల్దేరతాదేటి?" అన్నాడు.

బావలన్నాక పరాచికాలు ఉండవా? కానీ గురునాథరావును ఏమన్నా పడతాడు, రంగును అంటే పడడు. "నచ్చకపోతే దిగిపో" అన్నాడు. దొరబాబు విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. అంతే, నాలుగేళ్లు రాకపోకలు లేవు. మగవాళ్లిద్దరూ మీసాలు దువ్వుకుంటూ బాగానే ఉన్నారు. మధ్యలో నలిగిపోయింది రోజారమణి. పుట్టింటి తరఫున ఆమెకు మిగిలింది ఆ అన్న ఒక్కడే.

చివరికి దొరబాబే తగ్గాడు. ఈమధ్యే తెల్ల కారు కొన్నాడు. ట్రైనింగుకని భిలాయి వెళ్తూ, దాన్ని తెచ్చి గేటు బయట నిలబెట్టి తాళాలు ఇచ్చాడు. గడప మాత్రం తొక్కలేదు.

"నీ దగ్గరెడతన్నాను బావా. తిరిగొచ్చినాక ఆదివారం సెల్లి సేతి సేపల పులుసు తిని అట్టుకెల్తాను. ఒక్కటే మాట, లారీల ఎనక ఎల్లకు. రాళ్లెగురుతాయి. బానెట్టు మీద ఒక్క మచ్చ లేకుండా సూసుకుంటన్నాను."

రోజారమణి ఆనందంతో ఆ రాత్రి నిద్రపోలేదు, మొగుణ్ణి నిద్రపోనివ్వలేదు. "ఈపాలి గాని మా అన్నియ్య అలిగి ఎల్లిపోయినాడంటే, మరి నాకు పుట్టిల్లు లేదనుకోవాలండి. మీరు నోరెత్తకండి. ఏదీ ముట్టుకోకండి" అని ఒట్టు వేయించుకుంది.

నోరెత్తనన్న ఒట్టు గురునాథరావు నిలబెట్టుకున్నాడు.

హార్బరులో వంజరం బాగానే దొరికింది. తిరిగి వస్తుంటే ముందు కంకరలారీ. బావ చెప్పినట్టే చాలా వెనకపడి నడిపాడు. ఆ ఖాళీలో ఒక ఆటో దూరింది. ఇంకా వెనక్కి తగ్గాడు. రెండు స్కూటర్లు దూరాయి. ఇలా తగ్గుతూ పోతే మళ్లీ హార్బరుకే చేరతానేమోనని అనుమానం వచ్చి, అసలు లారీకి ముందే వెళ్లిపోతే రాళ్ల బాధే ఉండదు కదా అని హారన్ కొట్టి దాటబోయాడు. సరిగ్గా లారీ పక్కకు వచ్చేటప్పుడు దాని టైరు కింద నుంచి టక్కుమని ఒక రాయి వచ్చి తగిలింది.

ఇంటికి వచ్చి చూశాడు. తెల్లటి బానెట్టు నడిమధ్యలో నువ్వుగింజంత గుంట. లోపల ఇనుము మెరుస్తోంది. చేపల సంచీ పక్కసందులోంచి పెరట్లోకి అందించి, "నాను కారు కడుగుతాను, నువ్వు పులుసు సంగతి సూడు. ఇటేపు రాకు" అన్నాడు భార్యతో.

ఇంకొకరైతే ఆ గుంటను తుడిచి, అగ్గిపుల్లకు అదే రంగు చుక్క అంటించి అద్ది, ఆరాక ఇంత పాలిష్ రాసి ఊరుకునేవారు. గురునాథరావు ఊరుకునే మనిషి కాడు. ఉత్త ఇనుము ఉప్పుగాలికి సాయంత్రానికల్లా తుప్పు పడుతుందని ఆయనకు తెలుసు. ఓడకైతే ఏం చేస్తారు? దెబ్బ తగిలిన చోట నుంచి గట్టి రంగు దొరికేదాకా చుట్టూ గీకుతారు. ఆపైన ఎర్ర ప్రైమరు రెండు పూతలు. ఆ తర్వాతే అసలు రంగు. ఇరవై ఏళ్లుగా తన కింద పనిచేసే కుర్రాళ్లకు ఆయన నేర్పింది అదే.

ఓడ మీద రంగు రొట్టెంత మందం. కారు మీద రంగు మీగడ తరకంత. బ్లేడు పెట్టి గీకాడు. నువ్వుగింజ చింతగింజ అయింది. అంచు గట్టిగా లేదనిపించింది. మళ్లీ గీకాడు. చింతగింజ తమలపాకయింది. ఆపుదామంటే మనస్సాక్షి ఒప్పుకోలేదు; తప్పుడు పని చేసి బావకు అప్పగించలేడు కదా! అలా నీతిగా, నిజాయితీగా, చెమటలు కక్కుతూ గీకగా గీకగా అది విస్తరాకంత అయింది. అప్పుడు తృప్తిపడి, ఎర్ర ప్రైమరు బాగా పట్టించాడు. అది బానెట్టు మీద నుంచి కారి నంబరు ప్లేటు దాకా వచ్చింది.

దూరంగా నిలబడి చూసుకునేసరికి నిజం కనబడింది. పైన వేయడానికి తెల్లరంగు ఉంది గానీ అది ఓడ తెలుపు. కారుది వేరే తెలుపు. ఆటోనగరులో ఆదివారం కొట్లు తియ్యరు. రోడ్డు దుమ్ము తడిరంగుకు అంటకుండా దండెం మీదున్న తన తెల్ల పంచెను గోడకూ జామచెట్టుకూ పందిరిలా కట్టాడు. అంతలో సముద్రం వైపు నుంచి గాలి ఒక్క విసురు విసిరింది. పంచె ఊడి బానెట్టు మీద పరుచుకుని, ఎర్రగా తడిసి అంటుకుపోయింది. లాగితే రంగంతా దాంతోపాటు వస్తుంది. గురునాథరావు ఎర్రబడిన చేతులతో తల పట్టుకుని కారు పక్కన కూలబడ్డాడు.

ఎదురింటి సూర్యకాంతమ్మ గేటు దగ్గరకు వచ్చింది ఆ క్షణాననే. ఎర్రబడిన గుడ్డ చూసింది, చేతులు చూసింది, మొహం చూసింది.

"ఓలమ్మో! గురునాథం! ఏటయిందిరా బాబూ?"

"ఏటని సెప్పను పిన్నీ? తప్పు నాదే. లారీని దాటబోయాను."

"దెబ్బ పెద్దదేటి?"

"మొదట సిన్నదే. నానే సెయ్యెట్టి ఇంతకి తెచ్చాను. ఇప్పుడు కప్పెట్టి కూకున్నాను."

సూర్యకాంతమ్మ వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎవరికైనా సెప్పావా?"

"మా బావొస్తన్నాడు. ఆడికి ఏ మొకం ఎట్టుకుని సూపించను పిన్నీ? ఎంతో నమ్మి నా సేతిలో ఎట్టాడు. మచ్చ లేకుండా పెంచుకున్నాడు."

బావ నమ్మి చేతిలో పెట్టింది ఎవరిని? మచ్చ లేకుండా పెంచుకున్నది ఎవరిని? సూర్యకాంతమ్మకు అనుమానానికి తావే లేకపోయింది. పొద్దున్న మొగుడూ పెళ్లాలు కలిసే హార్బరుకు వెళ్లి ఉంటారు. పైట చెంగు నోట్లో కుక్కుకుని వీధిలోకి పరుగెత్తింది.

కారు కదిలే స్థితిలో లేదు కాబట్టి గురునాథరావు వీధి చివర ఆటో నడిపే దాలయ్యను పిలిచి, "స్టేషనుకెల్లి మా బావని తీసుకురా. నడిచేస్తాడేమో, బేగి ఎల్లు. ఇక్కడి సంగతేటీ సెప్పకు. నానే సెప్పుకుంటాను" అన్నాడు. అప్పటికే సూర్యకాంతమ్మ ద్వారా అంతా విని ఉన్న దాలయ్య తల వంచుకుని, "అలాగే బాబూ. గుండె దిటవు సేసుకోండి" అని, ఆటోలో పాటలు ఆపేసి వెళ్లాడు.

ఒక్కొక్కరే జనం గేటు బయట చేరారు. గుసగుసలాడుకుంటూ తలగుడ్డలు తీసి చేత పట్టుకున్నారు. ఎవరో బెంచీ తెచ్చి వేశారు. ఒక పెద్దాయన వచ్చి గురునాథరావు భుజం తట్టి, "మన సేతిలో ఏటుంది నాయినా" అన్నాడు. ఒక కారు బానెట్టు కోసం వీధి వీధంతా ఇంతగా బాధపడుతుంటే గురునాథరావుకు కళ్లు చెమర్చాయి. మల్కాపురం మనుషులది ఎంత మంచి మనసో ఇన్నాళ్లూ తెలుసుకోలేకపోయానే అనుకున్నాడు.

ఆటో వచ్చి ఆగింది. దారంతా దొరబాబు ఏమడిగినా దాలయ్య, "నానేటీ సెప్పకూడదు బాబూ, మీరు ధైర్యంగా ఉండండి" అనడం తప్ప మరో మాట అనలేదట. దొరబాబు దిగాడు. జనం పక్కకు తప్పుకున్నారు. సూర్యకాంతమ్మ అతని చేతులు పట్టుకుని, "నీ సెల్లికి ఆయుస్సు లేదు నాయినా" అని బావురుమంది. ఆ మాట గురునాథరావు దాకా రాలేదు. దొరబాబు ఒక్క అరుపు అరిచి, పరుగున వచ్చి ఆ పంచె మీద పడిపోయాడు.

"బావా, ఊరుకో. నానే, ఈ సేతులతోనే పాడు సేశాను. మన్నించు బావా" అన్నాడు గురునాథరావు ఏడుపు గొంతుతో.

"నాలుగేళ్లు బావా! నాలుగేళ్లు దాని మొకం సూడకుండా ఉండిపోనాను! ఒక్క మాటకి! మనిషినేనా నాను?"

గురునాథరావు ఏడుపు మధ్యలోనే ఆపాడు. "నాలుగేళ్లేటి బావా? కొని రెణ్ణెల్లే కదా?"

"ఎవర్ని కొనడం?"

"కారుని."

అంతలో గోల విని రోజారమణి గరిటెతో వాకిట్లోకి వచ్చింది. జనాన్ని చూసింది. కారు మీద నుంచి లేచి నిలబడ్డ అన్నను చూసింది. చొక్కా ఎరుపు, చేతులు ఎరుపు, చెంపలు ఎరుపు. "ఓలమ్మో, అన్నియ్యా! రక్తం!" అని గరిటె పారేసి మీద పడింది. బతికి ఉన్న చెల్లెల్ని చూసి దొరబాబు, దెబ్బ తగిలిందనుకున్న అన్నను తడుముతూ రోజారమణి, ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. ఏ దెబ్బా లేదని తేలాక కూడా ఆమె అతని చెయ్యి వదల్లేదు. "నీకేటన్నా అయితే నాకెవరున్నారన్నియ్యా?" అంది. దొరబాబు, "ఇంకెప్పుడూ ఎల్లనమ్మా, ఇంకెప్పుడూ అలగను" అని వీధిలో అందరి ముందూ మాటిచ్చాడు. గురునాథరావు కూడా ఏడ్చాడు, ఎందుకేడుస్తున్నాడో ఈసారి సరిగ్గా తెలిసి.

సూర్యకాంతమ్మ కళ్లు తుడుచుకుని, "నానప్పుడే అనుకున్నాను, ఏటీ అవ్వలేదని" అని బెంచీ తీయించింది.

దొరబాబు గడప తొక్కాడు. ఎర్రరంగు ఎంత కడిగినా పోలేదు. అలాగే పీట మీద కూర్చున్నాడు. రోజారమణి ఎదురుగా కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. కారు మాట ఎవరూ ఎత్తలేదు. ఎంతసేపు ఎత్తకుండా ఉంటారు? దొరబాబే మెల్లగా అడిగాడు.

"బావా, రాయి గట్టిగా తగిలిందేటి?"

"లేదు బావా. నువ్వుగింజంత."

"మరి ఆ మిగతాదో?"

గురునాథరావు చాలా గంభీరంగా చెప్పాడు. "అదంతా రిపేరు బావా."

దొరబాబుకు అనవలసిన మాటలన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. చెల్లెలి మొహం చూసి, పెద్ద ముద్ద కలుపుకుని, వాటితో కలిపి మింగేశాడు.