ఐదు పండగల పిలుపులు, ఒక ఆపిల్ పై

ఓడిపోయే ఫుట్‌బాల్ జట్టు ఉండటం ఏ ఊరికైనా మహాభాగ్యం! నవ్వకండి. నేను చదివింది ఎనిమిదో తరగతే గానీ, మా విల్లో బెండ్ కాలేజీ జట్టు ఓడిపోవడం నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. ఈ ఒక్క విషయంలో నాకు డాక్టరేట్ ఇచ్చినా తప్పులేదు.

ముందు పార్కింగ్ సంగతి చూడండి. గెలిచే ఊళ్ళలో బండిని ఎక్కడో మొక్కజొన్న చేలో ఆపి మైలు దూరం నడవాలి. మా ఆయన మెర్ల్ తన ట్రక్కును సరాసరి గేటు పక్కనే పెడతాడు. బెంచీ మీద నాకో చోటు, ఆయనకో చోటు, కాఫీ ఫ్లాస్కుకో చోటు, దుప్పటికో చోటు. మహారాణులు కూడా ఇంత విశాలంగా కూర్చోరు!

ఆరోగ్యం మాటేమిటి? మా అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని చేత పట్టుకుని అవతలి గీత దాటితే పాయింట్లు. మొదటి పావుగంటలోనే అవతలివాళ్ళు ఇరవై ఒక్క పాయింట్లు కొట్టేస్తారు. ఇక ఉత్కంఠ ఎక్కడిది? నేను నిశ్చింతగా అల్లిక తీస్తాను. ఈ సీజన్‌లో మూడు స్వెట్టర్లు, ఒక టోపీ పూర్తయ్యాయి. మెర్ల్ బీపీ చూసి డాక్టరే మురిసిపోయాడు.

ఇక శుభ్రత. గెలిచే జట్టు అభిమానులకు ఒక పిచ్చి ఉంటుంది. గెలిచిన రోజు ఒంటిమీద ఏముందో, మళ్ళీ ఓడేదాకా దాన్ని ఉతకరు. ఉతికితే అదృష్టం నీళ్ళలో కొట్టుకుపోతుందట! మా చెల్లెలి ఊరి జట్టు ఒక ఏడు వరసగా తొమ్మిది ఆటలు గెలిచింది. తొమ్మిదో వారానికి చర్చిలో మా మరిది కూర్చున్న వరసలో ఆయన ఒక్కడే మిగిలాడు. మరి నేనో? ప్రతి సోమవారం అన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి మడతపెడతాను. చొక్కా మీద మా జట్టు గుర్తయిన బాతు బొమ్మ వెలిసిపోయి ఇప్పుడు కోడిపెట్టలా కనిపిస్తోంది గానీ, మరక మాత్రం ఒక్కటి లేదు.

అన్నిటికన్నా గొప్పది మాకు జరిగే మర్యాద. ఆకులు రాలే రోజుల్లో ప్రతి కాలేజీకి హోమ్‌కమింగ్ పండగ ఉంటుంది. పాత విద్యార్థులంతా వస్తారు, ఊరేగింపు తీస్తారు, ఒక అమ్మాయిని రాణిని చేసి కిరీటం పెడతారు, ఆ తర్వాత ఆట. ఆ ఆటకి ఎవరిని పిలవాలా అని పెద్దలు కూర్చుని తెగ ఆలోచిస్తారు. చివరికి ఎవరిని పిలుస్తారు? మమ్మల్ని! ఈ ఏడు బయటి ఊళ్ళలో మేం ఆడేవి ఐదు ఆటలు. ఐదూ హోమ్‌కమింగులే! సెయింట్ ఓడిలా కాలేజీవాళ్ళయితే మాకోసం తమ పండగనే మూడు వారాలు వాయిదా వేసుకున్నారు. సొంత చుట్టాలు చేస్తారా ఇలా?

పండక్కి పిలిచినచోటికి ఉత్త చేతులతో వెళ్ళే అలవాటు నాకు లేదు. మా మనవడు డెంటన్ జట్టులో చేరినప్పటి నుంచీ, ప్రతి హోమ్‌కమింగ్‌కీ పిండి రొట్టెలో తీపి ఆపిల్ ముక్కలు పొదిగి కాల్చే ఆపిల్ పై చేసి పట్టుకెళ్తున్నాను. పళ్ళెం తిరిగి రావాలి కదా, అడుగున టేపు అంటించి నా పేరు రాస్తాను. సెయింట్ ఓడిలాలో గేటు దగ్గర టిక్కెట్లు చింపే లవోన్ నన్ను చూస్తే చాలు, దూరం నుంచే కేక పెడుతుంది.

"వచ్చావా ఆర్డిత్! మీరు రాకపోతే మాకు పండగలాగే ఉండదే!"

ఆట అయ్యాక విందులో ఆ పై కోస్తారు. మా ట్రక్కు కదిలేలోపు లవోన్ పళ్ళెం తళతళలాడేలా కడిగి తెచ్చిస్తుంది. "పాపం, పిల్లలు బాగా ఆడారు" అంటుంది. యాభై ఆరు–మూడు తేడాతో ఓడిన రోజు కూడా అదే మాట. ఎంత మంచి మనిషి!

ఇలా ఉండగా, సెయింట్ ఓడిలాలో ఆడే ఆఖరి ఆటకు రెండు రోజుల ముందు డెంటన్ నా వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మమ్మా, ఈసారి పై వద్దు."

"ఏం నాన్నా, పోయినసారి మాడిందా?"

"అది కాదు. పండగ పూట తాము ఓడిపోకూడదని, తప్పకుండా ఓడేవాళ్ళెవరా అని వెతికి మరీ పిలుస్తారు. అందుకే మనల్ని పిలిచేది."

అప్పడాల కర్ర నా చేతిలోనే ఆగిపోయింది. నాలుగేళ్ళు! పద్దెనిమిది పైలు! నేను దాన్ని మర్యాద అనుకున్నాను!

"మెర్ల్, నీకు తెలుసా ఇది?"

"ఊరందరికీ తెలుసు" అన్నాడు బల్ల దగ్గర కూర్చుని చదువుతున్న పేపర్ దించకుండా.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"వాళ్ళకి చేసినప్పుడల్లా ఇంటికీ ఒకటి చేస్తావు కదా."

డెంటన్ నవ్వలేదు. వాడి పని ముందు వరసలో నిలబడి అవతలివాళ్ళను అడ్డుకోవడం. బంతిని ఏనాడూ ముట్టుకున్నవాడు కాదు. "ముప్పై తొమ్మిది ఆటలు ఆడాను అమ్మమ్మా, ముప్పై తొమ్మిదీ ఓడాం. ఇది నలభయ్యోది, నాకిదే ఆఖరిది. ఒక్కటంటే ఒక్కటి గెలిచి ఇంటికి రావాలని ఉంది" అన్నాడు.

నేనేమో అప్పటికే పిండి కలిపేశాను. పై చేశాను.

ఆ శనివారం మావాళ్ళకేమైందో ఏమో! ఆఖరి నిమిషానికి వాళ్ళు పదమూడు, మేం పది. బంతి పట్టుకుని పరుగెత్తిన మా కుర్రాడు సరిగ్గా గీత దాటేచోట దాన్ని జారవిడిచాడు. అందరూ ఒకరిమీద ఒకరు పడ్డారు. ఒక్కొక్కరినీ లాగేసి చూస్తే అట్టడుగున డెంటన్! నాలుగేళ్ళుగా పడుతూనే ఉన్నాడు పిచ్చితండ్రి, మొదటిసారి బంతి మీద పడ్డాడు. గీత అవతల దొరికిన బంతికి ఆరు, ఆ తర్వాతి తన్నుకి ఒకటి, పదిహేడు–పదమూడు! నా అల్లిక ఎటుపోయిందో నాకు తెలియదు. మెర్ల్ బీపీ ఎంత పెరిగిందో ఎవరూ చూడలేదు.

అటువైపు చూస్తే పండగ ఆగిపోయింది. రాణి కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. బ్యాండువాళ్ళు బాకాలు పెట్టెల్లో సర్దేస్తున్నారు. లవోన్ నా పళ్ళెం పట్టుకొచ్చింది. అందులో పై ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది.

"ఎవరికీ ఆకలిగా లేదట" అంది.

"ఒక్క ముక్క కూడానా?"

"నువ్వు ఇలా చేస్తావనుకోలేదు ఆర్డిత్."

"నేనేం చేశానే? పై చేశాను!"

పిల్లలు బాగా ఆడారని మాత్రం అనలేదు. నిజంగా బాగా ఆడింది ఆ ఒక్కరోజే!

ట్రక్కు వెనక తలుపు దించి, మెర్ల్ జేబుకత్తితో పై కోశాం. డెంటన్ బురద చేతులతోనే సగం లాగించేశాడు. "అమ్మమ్మా, గెలిచాక తింటే ఇలా ఉంటుందా!" అన్నాడు, నోటినిండా పెట్టుకుని.

వచ్చే ఏటి ఆటల జాబితా మొన్ననే వచ్చింది. ఆ ఐదు ఊళ్ళలో ఒక్కరూ మమ్మల్ని హోమ్‌కమింగ్‌కి పిలవలేదు. ఐదు పండగలు, ఐదు విందులు, అంతమంది స్నేహితులు, ఒక్క గెలుపుతో పోయారు! అందుకే మళ్ళీ చెబుతున్నాను, ఓడిపోవడమే భాగ్యం. ఓడినంతకాలం మనల్ని అందరూ ఎంత ప్రేమగా చూస్తారో!

ఆ పై పళ్ళెం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది, ముక్కలూ జిగురూ అన్నీ అలాగే ఎండిపోయి. నిన్న మెర్ల్ దాన్ని తీసి సింకులో పెట్టి కుళాయి తిప్పబోయాడు. నలభై ఆరేళ్ళ కాపురంలో నేను ఆయనమీద అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి.