ఇద్దరు హంసికలు, ఒక సంతకం

కోనాపురం బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల గదికి పేరు రాయించిన పిల్ల, చేరిన రోజే గేటు దగ్గర ఇద్దరవుతుంది. ఒకరు లోపలికి వెళ్తారు. ఒకరు తల్లి వేలు పట్టుకుని ఇంటికి తిరిగి వెళ్తారు. లోపలికి వెళ్ళిన పిల్లకు హాజరు నంబరు ఇస్తారు. బడి వదిలాక ఆమె ఆట వస్తువుల బీరువా పక్కన చాప మీద ఉంటుంది, మర్నాడు ప్రార్థన వేళకు లేస్తుంది. ఇంటికి వెళ్ళిన పిల్లకు నంబరు ఉండదు. ఈ పద్ధతి మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు.

బీడీలు చుట్టే భూలక్ష్మి కూతురు హంసిక, ఏడేళ్ళది, జూన్‌లో ఇలాగే ఇద్దరయింది. భూలక్ష్మి రోజూ ఇంటి హంసికను వెంటబెట్టుకుని గేటు దాకా వచ్చేది. అక్కడ ఒక పుస్తకం ఉంటుంది. ఎడమ పేజీ టీచరుది. దాని మీద "రానివి" అని అచ్చు వేసి ఉంటుంది. కుడి పేజీ తల్లిది. దాని మీద ఏమీ ఉండదు. ఎడమ పేజీలో అరుంధతి టీచర్ రాసేది: మాట్లాడలేదు. అన్నం ముట్టలేదు. మూడు దాకా లెక్కపెట్టలేదు. కుడి పేజీలో భూలక్ష్మి సంతకం చేసేది.

"ఏమే భూలక్ష్మీ, సంతకం గింత పెద్దగ వెడ్తున్నవ్, కలెక్టర్‌వా?" అని ఒకనాడు వెనక నిలబడ్డ సుగుణ అడిగింది. ఆమె కొడుకుదీ అదే గది.

"పేజీ అంత ఖాళీగ కనవడ్తది గదా అక్కా."

భూలక్ష్మి ఏడో తరగతి చదివింది. రాయడం వచ్చు. ఇంటి హంసిక ఇరవై అయిదు బీడీల కట్టను తప్పు లేకుండా లెక్కపెడుతుందని రాయవచ్చు. కానీ ఎడమ పేజీలో అంత చదువుకున్న మేడం రాదని రాశాక, కుడి పేజీలో వచ్చని రాస్తే ఎదురు చెప్పినట్టుంటుందని ఊరుకుంది. అరుంధతి టీచర్‌కు మూడు ఊళ్ళ బళ్ళున్నాయి. ఏమైనా ఉంటే తల్లే రాస్తుంది కదా అని ఆమె ఊరుకుంది. ఇలా వర్షాకాలం, చలికాలం గడిచాయి.

ఫిబ్రవరిలో ఆ గది పిల్లల్ని పరీక్షించే కమిటీ వచ్చింది. ప్రశ్నకు పది సెకన్ల చొప్పున ఇరవై ప్రశ్నలు అడిగింది. బడి హంసిక ఒక్కదానికీ పలకలేదు. కమిటీ ఆమెను ఎనభై కిలోమీటర్ల దూరంలోని హాస్టలు బడికి పంపాలని ఆర్డరు వేసి వెళ్ళింది. ఒప్పుకోలు కాగితం మీద సంతకం కోసం భూలక్ష్మిని మొదటిసారి లోపలికి పిలిచారు. ఇంటి హంసికను గేటు దగ్గర సుగుణకు అప్పగించి వెళ్ళింది.

బడి హంసిక చాప మీద కూర్చుని గౌను గుండీలు పెట్టుకుంటోంది.

"గుండీలు ఎవరు నేర్పిండ్రు మేడం?"

"నేనే. ఆగస్టుల నేర్పిన."

"ఇంట్ల పిల్లకు ఇంక నేనే వెడ్తున్న," అంది భూలక్ష్మి. "మీరు రాయలే."

"వచ్చినయ్ రాసుడు ఆ పేజీల లేదమ్మా."

భూలక్ష్మి ఆ పిల్లకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది. చాప మీద అయిదు సుద్దముక్కలు పెట్టి, మొహంలోకి చూడకుండా, "ఎన్నున్నయ్ బిడ్డా?" అంది. తర్వాత ఒక బీడీ చుట్టేంత సేపు ఏమీ అనలేదు.

"అయిదు," అంది బడి హంసిక. ఆ గదిలో ఆమె మాట్లాడటం అదే మొదలు.

టీచర్ కుర్చీలోంచి లేచింది. "గిట్ల పక్కకు కూసోని ఆగాల్నని నాకెట్ల తెలుస్తదమ్మా? ఒక్క ముక్క రాయకపోతివి."

"మీరు అడగకపోతిరి మేడం."

"అడిగితే ఏమనుకుంటవో అనుకున్న."

"నేను సుత గట్లనే అనుకున్న."

తర్వాత టీచర్ కమిటీ సారుకు ఫోను చేసింది. ఆయన ఓపికగా విన్నాడు.

"ఏ పిల్ల చెప్పింది? నంబరున్న పిల్లేనా?"

"అవును సార్."

"పది సెకన్లల చెప్పిందా?"

"లేదు సార్. జరంత ఆగాలె."

"ఆగుడు ఫారంల లేదు మేడం." ఇంటి పిల్లకు వచ్చినవి తమ పరిధిలోకి రావని కూడా ఆయన మర్యాదగానే చెప్పాడు. భూలక్ష్మి సంతకం చేసింది. ఈసారి చిన్నగా చేసింది.

సోమవారం పొద్దున జీపు వచ్చింది. బడి హంసిక తనంతట తానే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. టీచర్ ఒక కాగితం మీద "పక్కన కూర్చోవాలి, ఆగాలి" అని రాసి డ్రైవరుకు ఇచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటి హంసిక తల్లి కొంగు పట్టుకుని జీపు వైపు చూసింది. "అమ్మా, ఆ పిల్లెవరు?"

జీపు కదులుతుంటే భూలక్ష్మి, "హంసికా," అని పిలిచింది.

"ఊఁ," అంది పక్కనున్న పిల్ల.

జీపులోని పిల్లకు పలకడానికి ఒక బీడీ చుట్టేంత సేపు కావాలి. అంతలో జీపు మలుపు తిరిగింది. గేటు దగ్గర మిగతా తల్లులు సంతకాలు చేసి, తమ తమ ఇంటి పిల్లల్ని తీసుకుని ఇళ్ళకు బయల్దేరారు.