కోడిని ముట్టని కోళ్ళ చదువు

కోళ్ళ రోగాల చదువంటే ఆన్‌లైన్లనే చదవాలె. కోళ్ళ నడుమ కూసోని కోళ్ళ గురించి నేర్సుకుంటమనేటోళ్ళు పాతకాలపోళ్ళు. నా అసుంటోళ్ళు!

నవ్వకుండ్రి, ఊకెనే అంటలేను. మా మనుమరాలు మానస జువాలజీల డిగ్రీ పాసై, పోయిన యేడు సంది కోళ్ళ రోగాల మీద పీజీ డిప్లొమా చేస్తాంది. కాలేజీ ఏ దిక్కున్నదో ఆమెకు తెల్వదు, నాకూ తెల్వదు. పానగల్ల మా ఇంట్ల సిగ్నల్ దొరికేది ఒక్క వంటింటి గడప మీదనే. గందుకని క్లాస్ గూడ గాడనే. ఆమె గడప మీద, నేను లోపల పొయ్యి కాడ. సీటు ఒక్కరికి, చదువు ఇద్దరికి! రెండో తరగతిల బడి ఇడిసిపెట్టినదాన్ని, నడుమ ఏ క్లాసూ సూడకుంట సక్కగ పీజీల వడ్డ. మీల ఎవరికన్న దొరికిందా గిసుంటి ప్రమోషన్?

ఆన్‌లైన్ కోడి ఎంత బుద్ధిమంతురాలో సూడుండ్రి. వాసన రాదు. పొడవదు. ఆరేసిన వడ్లల్లకు రాదు. రోగమొచ్చి సచ్చిపోయినా, సారు వీడియో ఎనక్కి జరపంగనే లేసి నిలవడ్తది! నా పెండ్లయినప్పటి సంది ఎన్ని కోళ్ళను సాదిన్నో, అండ్ల ఒక్కటన్న గట్ల లేసిందా? సచ్చిందంటే సచ్చిందే. కూర గూడ కాదు.

పరీక్షలు గూడ గంతే సుఖం. కోడికేం రోగమో నాలుగు జవాబులిస్తరు, ఒకటి ఒత్తితే సాలు. నిజం కోడి జవాబులిస్తదా? మూలకు నిలవడి కండ్లు మూస్కుంటది. మనమే తలకాయ గోక్కోవాలె.

ఒకనాడు క్లాస్ నడుస్తుంటే మా పుంజు గడప కాడికొచ్చి కూసింది. సారు కసురుకున్నడు: "ఎవరండీ ఆ బ్యాక్‌గ్రౌండ్ నాయిస్? మ్యూట్ చేసుకోండి!" ముప్పైమంది కూసోని కోళ్ళ గురించి చదువుతున్న క్లాసుల, పానమున్న కోడి గదొక్కటే. దాని నోరే మూపిచ్చిండ్రు! నేనైతే మస్తు సంబురపడ్డ. చదువన్నంక గంత క్రమశిక్షణ ఉండాలె మరి.

రెండు నెలలకే నాకు పాఠాలన్ని నోటికొచ్చినయి. ఆకుపచ్చగ రెట్ట ఏసి, మెడ మెలితిప్పితే కొక్కెర తెగులు. వచ్చినంక మందు లేదు, ముందుగాల టీకా ఏసుడే. రోగమున్న కాడి నుంచి కోడిని బయటికి పోనియ్యొద్దు, దాని పేరు క్వారంటైన్. గా మాట నోరు తిరగాలని గిన్నెలు తోముకుంట నూరుసార్లు అనుకున్న. బోరింగ్ కాడ "మా పిల్ల కోళ్ళ డాక్టర్" అని నేను చెప్పని మనిషి లేదు.

గప్పుడే మానస పశువుల దవాఖాన నుంచి ఐసు డబ్బల టీకా మందు తెచ్చింది. "అవ్వా, కంట్ల ఒక్క చుక్క ఏస్త. జర కోడిని పట్టుకో."

"పోవే! ఫోన్ల సూసి నేర్సినదానివి, నా కోళ్ళ కండ్లు పోగొడ్తవా? సర్టిఫికెట్ రానీ, గప్పుడు సూద్దం."

"సర్టిఫికెట్ వచ్చేదాంక రోగం ఆగుతదా అవ్వా?"

"నాకే పాఠం చెప్తున్నవా? నీ కన్న ముందు నుంచి ఇంటున్న నేను!"

కలిపిన మందు రెండు గంటలల్ల వాడాలెనట. పిల్ల బజారంత తిరిగింది. "మీ అవ్వనే ఏపిచ్చుకోకపాయె, మాకెందుకు బిడ్డా?" అన్నరట అందరు. తిరిగొచ్చి మందు పారబోసింది. నేను సూసి సూడనట్టు చింతపండు పిసుక్కుంట కూసున్న.

నెల తిరగలే. నా పన్నెండు కోళ్ళల్ల ఒకటి ఆకుపచ్చగ రెట్ట ఏసింది. తెల్లారి మెడ మెలితిప్పింది. నేను గుర్తువట్టిన! నూటికి నూరు మార్కులు!

గనీ నా చేతులు పీజీ చదువలే. తెలంగాణ వచ్చిన యేడు గిట్లనే తెగులొస్తే ఏం చేసినమో గవ్వే యాదికున్నయి వాటికి. మంచిగున్న కోళ్ళను గంపల ఏసి, జాగా మారితే బతుకుతయని చుట్టాలింటికి తోలుడు. మా అమ్మ గట్లనే చేసింది, మా అత్త గట్లనే చేసింది. ఆ పొద్దు మానస పరీక్షల ఉంది. కన్ను పక్కకు తిప్పినా ఫోను వార్నింగ్ ఇస్తదట. నేను కెమెరాల వడితే పిల్ల మార్కులు పోతయని, గంప నెత్తినెత్తుకోని పెరటి తలుపుకెళ్ళి పోయిన. ఎంత తెలివిగల్లదాన్నో సూసిండ్రా?

పోయింది ఎక్కడికి? నందికొండల ఉన్న మా బిడ్డ శోభ ఇంటికి. ఆమెకు ఇరవయ్యారు నాటుకోళ్ళు, ఒక్కొక్కదానికి పేరు పెట్టి పిలుస్తది. "గిదేందవ్వా గంప?" అని బస్సుల కండక్టర్ అడిగితే, "క్వారంటైన్" అన్న. తప్పు లేకుంట పలికిన!

గంప ఆడ దించి ఇంటికొచ్చిన ఆరో దినం శోభ ఫోన్ చేసింది. "అమ్మా, నీ కోళ్ళు నా కొంప ముంచినయే. పొద్దుగాల లేసి సూస్తే ఎనిమిది పడున్నయి. మిగిలినయి మెడలు తిప్పుతున్నయి."

మానస నా చేతిలకెళ్ళి ఫోన్ గుంజుకుంది. "అత్తా, ఏ కోడినీ ఎవరికీ ఇయ్యకు. సచ్చినవాటిని లోతుగ గుంత తీసి, సున్నమేసి పూడ్సు. నేనొస్తున్న." ఫోన్ పెట్టి నా దిక్కు సూసింది. ఐసు డబ్బ పట్టుకోని టీకా మందుకు దవాఖానకు ఉరికింది. తిడితే బాగుండు.

ఇద్దరం పోయేసరికి శోభయి నాలుగే మిగిలినయి. నాది ఒక్కటి గూడ లేదు. మానస మేనత్త ఇంట్ల అడుగు పెట్టలే, ముందుగాల రోగం రాని ఇండ్లకు పోయింది. నేను శోభ ఇంట్లకెళ్ళి ఉరికొచ్చి, "కోళ్ళను నేను పట్టుకుంట" అన్న.

"నువ్వు ముట్టకవ్వా! రోగమున్న కాడికెళ్ళి వచ్చినవ్. గా బజారు మూలకు నిలవడు."

డెబ్బయ్యేండ్ల సంది కోళ్ళతోని కొట్లాడుకుంట బతికినదాన్ని, దూరం నిలవడి సూసుడాయె! మొదటి ఇంటామె గడపల నిలవడి పిల్లను కింది నుంచి మీదికి సూసింది. "టీకా ఏస్తవ్ సరే బిడ్డా, సర్టిఫికెట్ ఉన్నదా?"

గా మాట ఇనంగనే నా చెంప పగిలినట్టయింది. మానస డబ్బ పట్టుకోని తల దించుకుంది.

"ఉన్నది!" అని బజారు మూల నుంచే మొత్తుకున్న. "నావి పన్నెండు, నా బిడ్డయి ఇరవై రెండు, అన్ని సచ్చినయి. టీకా ఏస్తనంటే ఏయనియ్యక నేను తెచ్చుకున్న సర్టిఫికెట్ గది. ఇంకొకటి గావాల్నా నీకు?"

ఆమె నన్ను సూసింది, పిల్లను సూసింది. లోపలికి పోయి, తెల్ల మచ్చల పెట్టను తెచ్చి మానస చేతులల్ల పెట్టింది.

యేడాది సంది నేను నూరుమందికి డాక్టరని చెప్పుకున్న నా మనుమరాలి చేతికి ఒక మనిషి నమ్మి ఇచ్చిన మొదటి కోడి గది. ఇచ్చినామె పేరు గూడ నాకు తెల్వదు.