ముందు బండి ఆగింది

ఈస్టర్ సెలవులకి ఆర్న్‌ఫిన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్నే బయల్దేరాలి, గాలి ముదరకముందే కొండ దాటాలి, భోజనాల వేళకి అవతలి లోయలో మరదలు తోరిల్ ఇంటి ముందు బండి ఆపాలి. బండి అంటే మామూలు కారు కాదు. పొయ్యి, పడక, హీటరు అన్నీ ఉన్న మోటార్‌హోమ్. భార్య గుడ్రున్‌తో మాటమాత్రం అనకుండా కొనుక్కొచ్చాడు. ఆవిడ ఆనాటి నుంచి దాన్ని "రేకు డబ్బా" అనే పిలుస్తోంది.

"ఇదిగో విను," అంది గుడ్రున్ బూట్లు తొడుక్కుంటూ. "ఈ డబ్బా చలికి పనికొస్తుందో లేదో ఇవాళ తేలిపోవాలి. పరువుగా మా చెల్లెలింటికి చేర్చావా, ఉంచుకుందాం. దారిలో నన్ను నవ్వులపాలు చేశావా, పండగ కాగానే అమ్మిపారేస్తా."

"జన్మంతా బస్సు నడిపినవాణ్ణి. నాకే చెప్తున్నావా?" అన్నాడు ఆర్న్‌ఫిన్.

తుఫానులో కొండ రోడ్డు మూసే గేటుకి కాస్త ఇవతల కాఫీ కోసం బండి ఆపాడు. ఆగడం ఆలస్యం, బస్సు అలవాటు మానలేని ఆ చెయ్యి హ్యాండ్‌బ్రేకుని కర్రుమని లాగేసింది. చలికాలంలో మా కొండల్లో ఆ పని ఎవరూ చెయ్యరు. బండిని గేరులో వదిలి దిగుతారు. కింద తడి రోడ్డు మీద చిమ్మిన నీళ్ళు బ్రేకుల్లో గడ్డకట్టి చక్రాలని పట్టేస్తాయని అందరికీ తెలుసు. ఆర్న్‌ఫిన్‌కీ తెలుసు. కాకపోతే కాఫీ తాగాక గుర్తొచ్చింది.

బండిని ముందుకి పోనిచ్చాడు. ఇంజను మూలిగింది తప్ప వెనక చక్రాలు అంగుళం కదల్లేదు.

"ఏమయ్యా, కదలదేం?"

"గాలి చూశావా ఎలా ఉందో! తొందరెందుకు, కాసేపు ఆగి చూద్దాం," అన్నాడు గొంతు సవరించుకుని.

ఈలోగా వెనక ఓ ఎర్ర కారు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి. మా రోడ్ల మీద మంచుతుఫాను రేగితే గేటు దించేస్తారు. బండ్లన్నీ వరసలో నిలబడితే, మంచు తోసే లారీ వచ్చి అందర్నీ వెంటబెట్టుకుని కొండ దాటిస్తుంది. ఎగిరే మంచులో గేటు ఎత్తి ఉందో దించి ఉందో ఎవరికీ కనపడ్డం లేదు. ముందో పెద్ద బండి ఆగి ఉంది కదా, దించే ఉంటారనుకున్నారు. ఒక్కడంటే ఒక్కడు దిగి వచ్చి అడగొచ్చుగా? అడగరు! ముక్కూమొహం తెలియని వాణ్ణి పలకరించడం కంటే చలికి బిగుసుకుపోవడమే మర్యాద మావాళ్ళకి. వచ్చినవాడల్లా వరసలో నిలబడి, నారింజపండు వొలుచుకుంటూ కూర్చున్నాడు.

గుడ్రున్ అద్దంలోంచి చూసి ఆశ్చర్యపోయింది. "అయ్యో, ఇంత వరసుందే! గేటు వేసేశారా?"

ఆర్న్‌ఫిన్‌కి దేవుడే దారి చూపించినట్టయింది. "ఊఁ," అన్నాడు.

ఊఁ అన్నాడు గానీ లోపల ఒకటే గుబులు. లారీ వచ్చిందంటే అందరికంటే ముందు కదలాల్సింది తనే! ఆవిడ చూడకుండా కెటిల్‌లో మరిగిన నీళ్ళు తీసుకెళ్ళి వెనక చక్రాల మీద గుమ్మరించాడు. ఆవిరి బుస్సుమని లేచింది. మరుక్షణం ఆ నీళ్ళే గడ్డకట్టి టైరుని రోడ్డుకి అతికించేశాయి. కొంప మునిగిందనుకుంటూ లేచేసరికి ఎర్ర కారాయన అద్దం దించి చూస్తున్నాడు. ఆయన పేరు సిగ్‌వాల్డ్, పట్నంలో పళ్ళ డాక్టరు.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి," అన్నాడు మొహమాటంగా. "వెనక చక్రాలకేనా, ముందువాటికి కూడా పొయ్యాలా?"

నిజం చెప్తే పరువు పోయె, పరువుతోపాటు బండీ పోయె. "వెనకవాటికి చాలు," అన్నాడు ఆర్న్‌ఫిన్ గంభీరంగా.

సిగ్‌వాల్డ్ తన ఫ్లాస్కులో కాఫీ అంతా పొదుపుగా రెండు చక్రాలకీ పంచాడు. ఆయన్ని చూసి ఆ వెనకవాళ్ళు టీ పోశారు. ఆ వెనకెవరో పిల్లల కోసం తెచ్చిన సూపు కూడా పోసేశారు. ఎందుకని ఒక్కరు అడిగితే ఒట్టు. కాసేపట్లో వరస వరసంతా రోడ్డుకి అతుక్కుపోయింది.

అప్పుడొచ్చాడు మంచు లారీ నడిపే ఆడ్‌వర్. కొసన ఆగి, "ఎందుకాగారు? గేటు ఎత్తే ఉందిగా!" అన్నాడు. "ముందువాళ్ళు ఆగారు," అన్నారు వాళ్ళు. ఆ ముందువాళ్ళూ అదే అన్నారు. చక్రాలకి సూపులోని నూడుల్స్ అంటుకుని ఉండటం చూసి ఆడ్‌వర్ బుర్ర గోక్కున్నాడు. ఒక్కో బండీ దాటుకుంటూ చివరికి మోటార్‌హోమ్ తలుపు కొట్టాడు. ఆయన వెనకే, సంగతేమిటో చూద్దామని, డాక్టరూ మిగతా జనమూ వచ్చారు.

"మీరెందుకాగారు సార్?"

ఆర్న్‌ఫిన్ ముందు ఇంకో బండి లేదు. ఆముదం తాగినవాడిలా మొహం పెట్టాడు. "హ్యాండ్‌బ్రేకు... లాగానండీ. పట్టేసింది."

సిగ్‌వాల్డ్ ఖాళీ ఫ్లాస్కు వంక చూసుకున్నాడు. గుడ్రున్ మొగుడి వంక చూసింది. బండి అమ్ముడైపోయినట్టేనని ఆర్న్‌ఫిన్‌కి ఆ చూపులోనే తెలిసిపోయింది.

అంతలో ఆడ్‌వర్ వైర్‌లెస్ గరగరమంది. పైన మలుపులో మంచుపెళ్ళ విరిగి రోడ్డంతా పూడ్చేసింది, ఎవరైనా చిక్కుకున్నారా అని అడుగుతున్నారు.

"ఎవరూ లేరు," అన్నాడు ఆడ్‌వర్ మెల్లగా. "అందరూ ఇక్కడే ఉన్నారు." తర్వాత ఆర్న్‌ఫిన్‌ని ఎగాదిగా చూశాడు. "మిమ్మల్ని తిట్టాలో దణ్ణం పెట్టాలో అర్థం కావడం లేదు."

"రెండూ తర్వాత," అంది గుడ్రున్ స్వెట్టరు చేతులు పైకి మడుస్తూ. "కార్లలో కూర్చుంటే పిల్లలు గడ్డకట్టుకుపోతారు. అందరూ లోపలికి రండి. బూట్లు దులుపుకుని!"

ఆవిడ ఏళ్ళ తరబడి ప్రయాణికుల పడవలో వంటగదిని ఏలిన మనిషి. జనం సర్దుకోగానే పొయ్యి మీద వాఫిల్ పెనం పెట్టింది. గోధుమరంగు ఛీజు ముక్కలు కోసింది. బోణీ వాయి దిగిందో లేదో, గోడమీది గ్యాసు అలారం కీచుమంది. "ఎవరిదో ఫోను మోగుతోంది," అన్నాడు సిగ్‌వాల్డ్.

"ఫోను కాదు, చావు!" అని ఒక్క అరుపు అరిచింది గుడ్రున్. పొయ్యీ హీటరూ కట్టేసి, తలుపు బార్లా తెరిచి, అందర్నీ బయటికి తోలింది. "హీటరు పొగగొట్టం మంచుతో పూడిపోయుంటుంది. ఆ పొగ లోపలికే వస్తుంది. వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆర్న్‌ఫిన్, పార పట్టు! డాక్టరుగారూ, మీరా పైకప్పు కిటికీ కొంచెం తెరిచిపెట్టండి, చలేస్తే వెయ్యనీ!"

గొట్టం శుభ్రమయింది, గాలి ఆడింది, అలారం నోరు మూసింది. ఆ తర్వాత మనిషి మార్చి మనిషి పార పట్టుకుని గొట్టం దగ్గర కాపలా కాశారు. ఇన్నేళ్ళుగా పక్క లోయవాణ్ణి పలకరించనివాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరి పిల్లల్ని కూర్చోబెట్టుకుని వాఫిల్స్ తిన్నారు. రోడ్డు తెరుచుకునేలోగా ఆడ్‌వర్ సుత్తితో చక్రాలన్నీ తట్టి విడిపించాడు. వెళ్ళేటప్పుడు ప్రతివాడూ గుడ్రున్ చెయ్యి పట్టుకుని మరీ వెళ్ళాడు.

"సరేలే," అన్నాడు ఆర్న్‌ఫిన్, తల వంచుకుని. "ఒప్పందం ఒప్పందమే. పండగ కాగానే అమ్మేద్దాం."

"ఎవరిని అడిగి అమ్ముతావ్?" గుడ్రున్ కళ్ళు మెరుస్తున్నాయి. "నా వంటగదికి ఇంతమంది వచ్చి ఎన్నాళ్ళయింది! బండికేం, బంగారం. మార్చాల్సింది డ్రైవర్ని. లే, అటు జరుగు."

ఆ రోజు నుంచి ఆర్న్‌ఫిన్ పక్క సీట్లో కూర్చుని దారి చెప్తున్నాడు, అదీ ఆవిడ అడిగితేనే.