అన్ని టైర్లకూ ఒకే పగులు

శ్రీరామనవమికి ముందురోజు పొద్దున సంసోను చేయవలసిన పని చాలా చిన్నది. మూడు బస్సుల టైర్లు చూడాలి, బాగున్నాయని చెప్పాలి, పది గంటలకల్లా వాటిని భద్రాచలం దారి పట్టించాలి. కొత్తగూడెం దాటాక అడవి దగ్గరపడే చోట, రోడ్డు పక్కనున్న రామ్‌సింగ్ ట్రావెల్స్ షెడ్డులో ఇరవై ఏళ్లుగా అతను చేస్తున్నది అదే. చేతిలో మూరెడు ఇనుపకడ్డీ ఉండేది. దాంతో టైరు మీద ఒక దెబ్బ కొట్టి చెవి ఒగ్గేవాడు. మంచి టైరు గట్టిగా బదులు చెబుతుంది, చెడ్డది గుల్లగా మూలుగుతుంది. అంతకుమించిన శాస్త్రం ఆ షెడ్డులోకి రెండువేల ఎనిమిది దాకా రాలేదు.

ఆ ఏడు వచ్చింది. హైదరాబాదు నుంచి జస్టిన్ అనే ఇంజనీరు ఒక యంత్రాన్ని పదిరోజుల పరీక్షకని తెచ్చి బిగించిపోయాడు. నిలువెత్తు ఇనుపకంబం, దానికి పైకీ కిందికీ జరిగే చెయ్యి, చెయ్యి చివర గాజుకన్ను, పక్కన చిన్న తెర. టైరును కన్ను ముందు నిలబెడితే చాలు, పగులుంటే తెర మీద నల్లటి గీత కనబడుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది. లేకపోతే పచ్చదీపం. కన్ను ఎంత ఎత్తున ఉండాలో, ఎంత వంగి చూడాలో జస్టినే కొలిచి మర బిగించాడు. వెళ్లే ముందు సంసోనును పక్కకు పిలిచి, ఏది ముట్టుకున్నా ఆ మర మాత్రం ముట్టుకోవద్దని మరీమరీ చెప్పాడు.

చెప్పకుండా ఉంటే బాగుండేది. సంసోనుకు యాభై ఏళ్లొచ్చినా ముట్టుకోవద్దన్న దాని మీదే చెయ్యి దురద. పైగా యంత్రం వచ్చిన రోజే రామ్‌సింగ్ తేల్చి చెప్పాడు. పరీక్ష సజావుగా సాగితే సంసోనే ఆపరేటరు. ఏదైనా తేడా వస్తే మళ్లీ తల్లాడ వెళ్లి పంక్చర్లు వేసుకోవడమే. ఆపరేటరు అన్న మాట సంసోనుకు ఎంత నచ్చిందంటే, అతని భార్య జోజమ్మ ఆదివారం ప్రార్థనలో లేచి దాని కోసం సాక్ష్యం కూడా చెప్పేసింది. ఉద్యోగం ఇంకా రాలేదు, కృతజ్ఞత మాత్రం అయిపోయింది. ఇప్పుడది పోతే చర్చికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

ఆ పొద్దున అతను అందరికంటే ముందే షెడ్డుకు వచ్చాడు. యంత్రం స్విచ్చి వేసి దాని ముందు నిలబడ్డాడు. ఇంతకీ దీనికి ఎలా తెలుస్తుంది? రబ్బరును పోల్చుకుంటుందా, లేక బస్సును చూసి మర్యాద చేస్తుందా? రబ్బరు అనుకోగానే చూపు తన కాళ్ల మీద పడింది. మధిర అంగట్లో కొన్న టైరు చెప్పులు. అవి ఏ బండి టైరుతో కోసినవో అని ఏళ్ల తరబడి అతనికొక సందేహం. ఎవరూ లేరు కదా అని మర వదులు చేశాడు, చెయ్యి కిందికి దించి కన్నును నేలవైపు వంచాడు, కుడి చెప్పు విప్పి కన్ను ముందు పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. చెప్పు తీసి వెలుతురులో తిప్పి చూస్తే నిజమే, బొటనవేలి దగ్గర వెంట్రుకంత పగులు! ఎడమ చెప్పు పెట్టాడు. పచ్చదీపం.

"అబ్బా, నా చెప్పు సంగతి నాకంటే దీనికే ఎరుక," అన్నాడు సంసోను పైకే.

ఇంతలో బయట రామ్‌సింగ్ జీపు హారను మోగింది. సంసోను చెప్పులు తొడుక్కుని చెయ్యి పైకి లేపి మర బిగించాడు. ఎత్తు కంటికి సరిగ్గానే ఆనింది. వంపు సంగతి గుర్తు రాలేదు. ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అనలేదు కానీ, ఆ మాట ఎప్పుడూ పని అయిపోయాకే గుర్తొస్తుంది.

మొదటి బస్సును డ్రైవరు దస్రు తెచ్చి యంత్రం ముందున్న సిమెంటు గచ్చు మీద నిలిపాడు. వెనక ఎడమ టైరు దగ్గర ఎర్రదీపం, తెర మీద కింది మూల నుంచి వంకరగా పాకిన గీత. సంసోను అలవాటు కొద్దీ కడ్డీతో కొట్టి విన్నాడు. టైరు గుండ్రాయిలా ఉంది. ఆ మాటే అనబోయాడు. యంత్రం తప్పంటే ఎందుకు తప్పిందని అడుగుతారు. నోరు మూసుకున్నాడు. దస్రు గొణుక్కుంటూ టైరు విప్పి స్టెప్నీ బిగించాడు. మళ్లీ ఎర్రదీపం, అదే చోట అదే గీత.

రెండో బస్సు వచ్చింది. ఎర్రదీపం. మూడోదీ అంతే. షెడ్డు ముందు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు నలభై మంది అప్పటికే చేరారు. రాములవారి కల్యాణానికి నెలరోజులుగా గోళ్లతో వడ్లు ఒలిచి పట్టిన తలంబ్రాల బియ్యం బుట్టల్లో పెట్టుకుని, పసుపు చీరల్లో కూర్చున్నారు. వాళ్ల పెద్ద నాగలక్ష్మి ప్రతి పావుగంటకూ వచ్చి బస్సు ఎప్పుడని అడుగుతోంది. కాసేపు ఆగమ్మా అని రామ్‌సింగ్ నవ్వు మొహంతో చెప్పడం, వెనక్కి తిరిగి సంసోను మీద పళ్లు కొరకడం. ఇలా తొమ్మిదిన్నర అయింది.

కొత్త టైర్లు తెప్పిద్దామని రామ్‌సింగ్ తన బావమరిది లాల్‌సింగ్‌కు ఫోను చేశాడు. టైర్ల దుకాణం లాల్‌సింగ్‌దే. అతను, అంటించిన కాగితం కూడా చింపని టైరును ఆటోలో వేసుకుని ఆఘమేఘాల మీద వచ్చాడు. బిగించక ముందే కన్ను ముందు నిలబెట్టారు. ఎర్రదీపం.

రామ్‌సింగ్ మొహం కూడా దీపం రంగుకు తిరిగింది. "ఏంది బామ్మర్దీ గిది? ఇంటల్లునికే పగిలిన టైరు అంటగడ్తవా?"

"కొత్త టైరు బావా, పొద్దుగాలనే లారీల కెల్లి దింపిన," అన్నాడు లాల్‌సింగ్. పౌరుషం పొడుచుకొచ్చి, తాను తోలుకొచ్చిన ఆటో చక్రాన్నే కన్ను ముందుకు నెట్టించాడు. దానికీ ఎర్రదీపమే. ఆటో కూడా పగిలిందంటే ఇక ఊళ్లో పగలనిదంటూ ఏముంది? దస్రు దిష్టి తగిలిందని తీర్మానించి మూడు బస్సులకూ నిమ్మకాయలు కట్టేశాడు. లాల్‌సింగ్ పెళ్లినాటి పెట్టుపోతల దగ్గర్నుంచి మొదలుపెట్టి బావ చేసిన అన్యాయాలన్నీ ఏకరువు పెట్టసాగాడు. ఆడవాళ్లు తగువు బాగా వినబడుతుందని బుట్టలతో సహా దగ్గరికి జరిగారు.

ఇంత రభసలోనూ సంసోను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నాడు. అయితే అతని కళ్లు మాత్రం తెరను వదలలేదు. బస్సు టైరుకూ, స్టెప్నీకీ, కొత్త దానికీ, ఆటోకూ పగులు ఒకే వంకర ఎలా తిరిగింది? కవలపిల్లలకు కూడా ఇంత పోలిక ఉండదే! దస్రు మూడో బస్సును, లాల్‌సింగ్ ఆటోను వెనక్కి తీశారు. గచ్చు ఖాళీ అయింది. తెర మీద గీత అలాగే ఉంది.

సంసోనుకు సంగతి తెలిసిపోయింది. యంత్రం ఇంతసేపూ టైర్లను చూడడమే లేదు. వంపు ఎక్కువై నేల చూపులు చూస్తోంది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే? అటు రామ్‌సింగ్ ఫోను తీసి కిరాయి రద్దు అని చెప్పడానికి గొంతు సవరించుకుంటున్నాడు. నాగలక్ష్మి బుట్ట ఒళ్లో పెట్టుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. నెలరోజుల పాటు గోళ్లు అరగదీసుకున్న మనిషి. సంసోనుకు సిగ్గేసింది.

"టైర్లు మంచిగున్నయన్నా," అన్నాడు ముందుకొచ్చి. "తప్పు నాది. పొద్దుగాల నా చెప్పు చూపిద్దామని నేనే మర తిప్పిన."

 చెప్పు ఎందుకు చూపించావని రామ్‌సింగ్ అడిగాడు. పగులుందేమో చూద్దామని అని సంసోను చెప్పాడు. ఉందా అని వెనక నుంచి దస్రు అడిగాడు. కుడిదానికి ఉందని సంసోను నిజాయతీగా ఒప్పుకున్నాడు.

"తల్లాడ బస్సు పన్నెండింటికి ఉన్నది. ఎక్కు," అన్నాడు రామ్‌సింగ్. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, జల్దీ ఎక్కండమ్మా అని కేకేశాడు. బుట్టలతో నలభై మందీ మూడో బస్సులోకి ఎక్కారు; మిగతా రెండింటికీ దారిలో ఊళ్లవాళ్లు ఎక్కాలి. గచ్చు దాటితేనే ముందు గేటు.

ఉద్యోగం పోయిన మనిషి తిన్నగా ఇంటికి పోవాలి. సంసోను పోలేదు. టైర్లది కాకపోతే మరి ఆ గీత ఎవరిది? అది తెలుసుకోకుండా తల్లాడలో అతనికి నిద్ర పట్టదు. గచ్చు మీద గొంతుకూర్చుని గుడ్డతో గ్రీజు మడ్డి తుడిచాడు. సిమెంటులో పగులు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పాకి ఉంది. కడ్డీతో ఒక్కటి కొట్టి చెవి ఒగ్గాడు. గుల్ల. రెండడుగులు జరిగి మళ్లీ కొట్టాడు. అక్కడా గుల్లే.

అప్పటికే దస్రు గేరు వేశాడు. సంసోను కడ్డీ ఎత్తి బస్సుకు ఎదురుగా పోయి నిలబడ్డాడు. "ఆపు దస్రూ! అడుగున ఏం లేదు."

రామ్‌సింగ్ పరుగున వచ్చి, ఉద్యోగం తీసేసినా నీ పీడ వదలదా అని తిట్టిపోశాడు. సంసోను గబగబా పోయి దస్రును కిందికి దించాడు. లాల్‌సింగ్ తెచ్చిన కొత్త టైరును దస్రు సాయంతో నిలువుగా ఎత్తించి, తాను పక్కకు తప్పుకుంటూ గచ్చు నడిమధ్యకు వదిలించాడు. దబ్బున ఒక చప్పుడు. గచ్చు విరిగింది, టైరు మాయమైంది, లోపలి నుంచి దుమ్ము లేచింది. ఆ కింద బస్సు సగం పట్టేంత గుంట. షెడ్డు మొదట్లో బండ్ల కింద దూరి పని చేయడానికి తవ్విన పాతది. రెండేళ్ల కింద మట్టి నింపకుండానే దాని మీద స్లాబు పోసి మూసేశారు. పొద్దున్నుంచి మూడు ఖాళీ బస్సుల బరువుకు అది చివరికంటా నలిగిపోయింది.

బస్సు కిటికీల్లోంచి చూస్తున్న నలభై మందీ బుట్టలు గట్టిగా పట్టుకున్నారు. నాగలక్ష్మి దిగి వచ్చి, గుంటలోకి తొంగి చూసి, సంసోను రెండు చేతులూ పట్టుకుంది. "రాములోరే నిన్ను అడ్డం నిలబెట్టిండన్నా," అంది. సంసోను ఏ దేవుడికి చెప్పుకోవాలో తేలక ఇద్దరికీ కలిపి దణ్ణం పెట్టాడు. 

రామ్‌సింగ్ వచ్చి గుంటలోకి ఒకసారి చూశాడు. తర్వాత సంసోను భుజం మీద చెయ్యి వేసి, తల్లాడ సంగతి మరిచిపో, రేపటి నుంచి నువ్వే ఆపరేటరువి అన్నాడు.  లాల్‌సింగ్ మాత్రం గుంటలో వెల్లకిలా పడి ఉన్న తన టైరును పరీక్షగా చూస్తున్నాడు.

"నా టైరుకు ఏం గాలే బావా," అన్నాడు నింపాదిగా. "మరి ఈ స్లాబు పోసింది ఎవరు? ఒక్క ఇనుపచువ్వ గూడ కనబడ్తలేదు."

మేస్త్రీ వద్దంటున్నా వినకుండా, ఇనుము దండగని తానే దగ్గరుండి స్లాబు పోయించిన రామ్‌సింగ్, బస్సులు వెనక గేటు నుంచి పోనియ్యమని దస్రును ఉత్తపుణ్యానికి కసిరాడు. మూడు బస్సులూ పదకొండున్నరకు భద్రాచలం దారి పట్టాయి. సంసోను తనిఖీ పుస్తకం తెరిచి టైర్లన్నీ భేషుగ్గా ఉన్నాయని రాశాడు, గచ్చు పగిలిందని రాశాడు, 'లోపానికి బాధ్యులు' అన్న గడిని ఖాళీగా వదిలేశాడు. ఆపరేటరుగా అతను ముట్టుకోకుండా ఊరుకున్న మొదటి వస్తువు అదే.