బల్లమీద పెట్టిన పెట్టె

నెమోతో అనే గోల్‌కీపర్ ఆ ఉదయం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. అందరికంటే ముందు క్లబ్బుకి చేరాలి. తోటి ఆటగాడు అజుమా రాగానే అతని ముందు నడుము వంచి, మిఠాయి పెట్టె రెండు చేతులా అందించి, "ఆ గోలు నావల్లే పడింది" అనాలి. తర్వాత కోచ్ దగ్గరికి వెళ్ళి అదే మాట మళ్ళీ అనాలి. పదిహేనేళ్ళుగా కురోహామా ఫుట్‌బాల్ జట్టుకి గోలు కాస్తున్న మనిషికి ఇదొక లెక్కా అనుకున్నాడు.

"ఏవండీ, ఒక్క పెట్టె సరిపోతుందంటారా?" అంది భార్య చిహారు, పెట్టెకి కట్టిన పట్టుగుడ్డ ముడి సరిచేస్తూ.

"ఎత్తి చూడు. ఇటుకలా ఉంది."

"మీరు చేసిన పని మాత్రం తేలికైందా ఏమిటి!"

లోపల ఉన్నది యోకాన్. ఎర్ర గింజల్ని చక్కెరతో ఉడికించి దిమ్మలా బిగించిన మిఠాయి. తప్పు ఎంత పెద్దదైతే పెట్టె అంత బరువుండాలని ఊళ్ళో పెద్దల మాట. అందుకే చిహారు దుకాణంలో పెట్టెలన్నీ చేత్తో ఎత్తి చూసి మరీ కొనుక్కొచ్చింది.

తప్పు పెద్దదే. పోయిన ఆదివారం బంతి తీరిగ్గా దొర్లుకుంటూ నెమోతోకీ డిఫెండర్ అజుమాకీ మధ్యకి వచ్చింది. "నాది!" అని నెమోతో అరిచాడు. అజుమా ఆగిపోయాడు. అరిచినవాడు కూడా, ఏ దెయ్యం పట్టిందో, కుర్రాడే తన్నేస్తాడులే అని ఆగిపోయాడు. బంతి ఇంటికొచ్చిన పిల్లిలా ఇద్దరి మధ్య నుంచి నడిచి వెళ్ళి వలలో పడుకుంది. జట్టు పట్టికలో అట్టడుగుకి జారింది. ఆట అయ్యాక గదిలో ఎప్పటి తంతే. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. చివరికి చూపులన్నీ వయసులో అందరికంటే చిన్నవాడైన అజుమా మీదికి తిరిగాయి. నెమోతో వంగి బూటు తాడు కట్టుకున్నాడు. అప్పటికే కట్టి ఉన్న తాడు అది.

వచ్చే నెల నుంచి జట్టులో చోటు లేదని ఈ మధ్యాహ్నం కోచ్ అజుమాకి చెప్పబోతున్నాడు. ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి నెమోతోకి కంటిమీద కునుకు లేదు.

తీరా వెళ్తే అజుమా ఇంకా రాలేదు. సముద్రపు ఒడ్డున పరుగెత్తుతున్నాడట. ఈలోగా ఫిజియో వచ్చి, మోకాలు వాచిందంటూ నెమోతోని రెక్క పట్టుకుని ఐసు తొట్టి గదికి లాక్కెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ నెమోతో పెట్టెని బట్టలు మార్చుకునే గదిలో బల్లమీద పెట్టాడు. తోటివాళ్ళ చేతివాటం తెలిసినవాడు కనక, ఎవరూ విప్పకుండా దానిమీద తన గ్లవ్స్ కాపలా ఉంచాడు.

ఇక్కడే కొంప మునిగింది. మిఠాయి పెట్టె చేతికిస్తే క్షమాపణ, బల్లమీద పెడితే వీడ్కోలు. కొలువు మానేసే మనిషి ఆఖరి రోజున అందరి కోసం అలా బల్లమీద పెట్టి వెళ్తాడు. ఇది ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. నెమోతోకీ తెలుసు. కానీ ఆ పూట అతని బుర్రలో అజుమాకి చెప్పాల్సిన ముక్క తప్ప మరొకటి పట్టే చోటు లేదు.

నడుము దాకా ఐసు నీళ్ళలో కూర్చుని ఆ ముక్కే వల్లె వేసుకుంటుంటే, కెప్టెన్ హిరసావా తలుపు తోసుకుని వచ్చాడు. కొండలాంటి మనిషి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అన్నా, ఆ గోలు నాదే!"

"ఏ గోలు?"

"ఆదివారంది. అందర్నీ ముందుకి తోలింది నేనే కదా. వెనకంతా ఖాళీ అయిపోయింది. నా తప్పు పెట్టుకుని ఆ పిల్లాడిమీదికి నెట్టాను. మీరు ఇంత పని చేస్తారనుకోలేదన్నా."

పెట్టె సంగతి అప్పుడే పసిగట్టారే అనుకున్నాడు నెమోతో. "చెయ్యక తప్పదు హిరసావా. ఎప్పుడో చెయ్యాల్సింది. ఆలస్యం చేశాను."

"ఎప్పుడో అనుకున్నారా!" అంటూ కెప్టెన్ బావురుమని బయటికి పరుగెత్తాడు. ఇంత మెత్తని గుండె ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో నెమోతోకి అంతుపట్టలేదు.

కాసేపటికి కోచ్ ఒనోదెరా వచ్చాడు. ఆయన మెడ వంగగా చూసినవాళ్ళు లేరు. అలాంటిది తొట్టి ముందు నిలబడి తలవంచాడు.

"క్లబ్బు ప్రెసిడెంటు గారేమన్నా పిలిచి మాట్లాడారా?"

"లేదండీ. నా అంతట నేనే అనుకున్నాను."

"ఇంట్లో చెప్పారా?"

"మా ఆవిడే వెళ్ళి పెట్టె కొనుక్కొచ్చింది."

కోచ్ కళ్ళు మూసుకున్నాడు. "ఆ ఆటకి పథకం వేసింది నేను, నోరుమూసుకుని కూర్చున్నదీ నేనే. మిమ్మల్ని ఒంటరిగా బలి కానివ్వను."

"వస్తానంటే అంతకంటేనా! ఇద్దరం కలిసే నడుము వంచుదాం," అన్నాడు నెమోతో సంబరంగా. అజుమా ముందు కోచ్ కూడా వంగితే ఆ కుర్రాడికి ఎంత ధైర్యం! కోచ్ మాత్రం ఊరి పత్రికలవాళ్ళ ముందు ఇద్దరూ ఒకేసారి రాజీనామా ప్రకటించే దృశ్యం ఊహించుకుని, తిన్నగా ప్రెసిడెంటు గదికి నడిచాడు.

తర్వాత ప్రెసిడెంటు కుగిమియా వంతు. సోయా సాసు ఫ్యాక్టరీ యజమాని ఆయన. చేతికందిన పెద్ద సాసు సీసా ఒకటి పట్టుకొచ్చి, తడి నేలమీద మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"తప్పు నాది నెమోతో గారూ! గోలు కొట్టేవాడు కావాలని కోచ్ మొత్తుకుంటుంటే నేను బస్సుకి కొత్త రంగు వేయించాను!"

ఎంతసేపని ఐసు నీళ్ళలో ఉంటాడు మనిషి? లేద్దామంటే ఒంటిమీద ఉన్నది లోపలి చెడ్డీ ఒక్కటే, వచ్చినవాడు ప్రెసిడెంటు. "త-త-తప్పు... న-న-నా..." అన్నాడు నెమోతో, పళ్ళు టకటకలాడుతుంటే.

"పాపం, దుఃఖంతో మాట కూడా పెగలడం లేదు," అని ప్రెసిడెంటు జేబురుమాలు తీశాడు.

అప్పుడు బయట డోలు మోగింది. ఆట లేని రోజున డోలేమిటి? నెమోతో తువ్వాలు చుట్టుకుని, నీళ్ళోడుతూ బట్టల గదిలోకి పరుగెత్తాడు. బల్లమీద చోటు లేదు. క్షమాపణగా కెప్టెన్ కొనుక్కొచ్చిన పెట్టె, కోచ్ తెచ్చిన పెట్టె, తలా ఒకటి ఆటగాళ్ళు తెచ్చినవి, అన్నిటి మధ్యా తన గ్లవ్స్, వాటిమీద పూలగుత్తి. చేపల కొట్టు కట్టేసి వచ్చిన అభిమానుల నాయకుడు తొదొరోకి, మెడలో డోలుతో నిలబడ్డాడు. వెనక ఇద్దరు దుప్పటి పరిచి పట్టుకున్నారు. దానిమీద రంగు ఇంకా ఆరలేదు: "పదిహేనేళ్ళు మా గోలు కాశావు. ఇక చల్లగా ఉండు."

వణుకుతున్న నెమోతోకి అప్పుడు వెలిగింది. బల్ల, పెట్టె, దానిమీద గ్లవ్స్.

"అయ్యా, నేనెక్కడికీ పోవడం లేదు! ఆ పెట్టె అజుమాది!"

అప్పుడే డోలు విని పరుగున వచ్చిన అజుమా గుమ్మంలో ఆగాడు. బూట్ల నిండా ఇసుక. నెమోతో గ్లవ్స్ తీసి పక్కన పెట్టి, పెట్టె ఎత్తుకుని అతని ముందుకి వెళ్ళాడు. రెండు చేతులూ పెట్టెకే కావాలి కనక, తువ్వాలు బాధ్యత వెనక నుంచి కెప్టెన్ తీసుకున్నాడు.

"అజుమా, ఆ గోలు నాది. నాది అని అరిచాను, నువ్వు ఆగావు, నేను రాలేదు. అందరూ నిన్ను అంటుంటే నోరు మూసుకున్నాను. క్షమించు."

గదిలో ఏడుపులు రెట్టింపయ్యాయి. "చూశారా, పోతూ పోతూ కూడా తనమీదే వేసుకుంటున్నాడు!" అన్నాడు ప్రెసిడెంటు.

"పోవడం లేదంటుంటే! అజుమా, నువ్వన్నా చెప్పు. అరిచానా, లేదా?"

అజుమా నేల చూపులు చూశాడు. "నాకేం వినపడలేదండీ."

"మరెందుకాగావురా?"

"కాళ్ళు పట్టేశాయండీ."

పెద్దవాడి తల వంగకూడదని ఆ కుర్రాడు తన బతుకుతెరువు వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. వారం రోజులుగా ఒక్క మాట అనలేదు, ఇప్పుడూ అనడం లేదు. ఆ క్షణంలో నెమోతోకి తనమీద కలిగినంత సిగ్గు, ఆ పిల్లాడిమీద కలిగినంత ప్రేమ ఎన్నడూ కలగలేదు.

తొదొరోకి డోలు పుల్లలు కింద పెట్టాడు.

"నాకు వినపడిందయ్యా. డోలు కొడుతున్నా వినపడింది. గోలు వెనక నిలబడ్డ మా వాళ్ళందరికీ వినపడింది. ఇన్నేళ్ళ మనిషి, పరువు పోతుందేమోనని మేమూ గుటకలు మింగాం. మా తప్పూ ఉంది." పెట్టె కోసం అటూ ఇటూ తడుముకుని, ఏదీ లేక, కొట్టు నుంచి తెచ్చుకున్న చేపల పొట్లం బల్లమీద పెట్టాడు.

అజుమా మెల్లగా రెండు చేతులూ చాచి పెట్టె అందుకున్నాడు.

"బరువుగా ఉందండీ."

"ఉండాలి," అన్నాడు నెమోతో.

కోచ్ గొంతు సవరించుకున్నాడు. "అజుమా, మధ్యాహ్నం నీతో మాట్లాడాలన్నాను కదా. ఏం లేదు. ఆదివారం ఆటలో నువ్వున్నావు, అంతే." తర్వాత నెమోతో వైపు తిరిగాడు. పోతున్నాడని ఇందాకటి నుంచీ అందరూ ఎవరికోసం కన్నీళ్ళు పెట్టుకున్నారో ఆ మనిషి వైపు. "మీరు మాత్రం ఆదివారం బెంచీ మీద కూర్చోండి."

"అలాగేనండీ," అన్నాడు నెమోతో. వారం తర్వాత మొదటిసారి అతనికి ఊపిరి నిండుగా అందింది. ప్రెసిడెంటు తన సాసు సీసా వైపు చూసి, వెనక్కి తీసుకుంటే బాగుండదని వదిలేశాడు. తొదొరోకి దుప్పటి జాగ్రత్తగా మడత పెట్టుకున్నాడు, ఎప్పటికైనా పనికొస్తుందంటూ.

ఆదివారం బెంచీ మీద నుంచి నెమోతో అరిచిన అరుపులకి అతని గొంతు పోయింది. ఆట సమంగా ముగిసింది. పడిన ఒక్క గోలు గురించి, గదిలోకి వచ్చి బూట్లు విప్పకముందే తగువు మొదలైంది.

"అది నాది," అన్నాడు అజుమా.

"ఎహె కూర్చో, అవతలి జట్టువాణ్ణి వదిలేసింది నేనైతే!" అన్నాడు కెప్టెన్. అరుచుకుంటూనే వెళ్ళి అలమరలో దాచిన ఆనాటి పెట్టెల్లోంచి ఒకటి తీసి, రెండు చేతులా అందరికీ అందించాడు.

అలమరలో ఇంకా కొన్ని పెట్టెలున్నాయి కానీ, ఆడాల్సిన ఆటలే వాటికంటే ఎక్కువ.