భాగ్యవతిగారి ఆది జాకెట్టు

ఆ శనివారానికి రజనీకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చేసిన రెండు జాకెట్లను నాలుగు గంటలకు భాగ్యవతిగారి చేతిలో పెట్టాలి. తరువాత కూతురు జెన్నీకి తలంటు పోయాలి. వీలైతే తానూ ఓ అరగంట నడుం వాల్చాలి. మూడో దాని మీద ఆమెకే పెద్దగా ఆశ లేదు.

భిలాయి క్వార్టర్లో ముందుగది కుట్టు మిషనుకిచ్చి ఏడు నెలలైంది. భర్త డేవిడ్‌రాజ్‌ది ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. జెన్నీ రెండో తరగతి. సుపేలాలో ఒక బట్టల షోరూము వాళ్లు రజనీని పనిలోకి రమ్మని కబురు మీద కబురు పెడుతున్నారు. చేరితే పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా అక్కడే నిలబడాలి. బడి నుంచి వచ్చిన పిల్లకు తాళం వేసిన తలుపు ఎదురవుతుంది. అందుకే రజనీ ఇంకా సరేననలేదు. మిషను నడిస్తేనే తాను ఇంట్లో ఉండగలదు. మిషను నడవాలంటే భాగ్యవతిగారి దయ ఉండాలి.

భాగ్యవతిగారు చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. మునుపు ఆవిడ జాకెట్లు మార్కెట్లో ఒక మాస్టరు కుట్టేవాడు. ఓసారి అతను కొలత కోసం ఆవిడిచ్చిన ఆది జాకెట్టును చూసి, ఆ తరువాత ఆవిడను చూసి, కొలతకు రెండంగుళాలు కలిపి కుట్టాడు. జాకెట్టు చక్కగా పట్టింది. అదే అతని కొంప ముంచింది. "ఆడి కంటికి నాను అంత లావుగా ఆనినానా?" అని ఆవిడ సమాజంలో అడిగారు. ఆ తరువాత తెలుగు ఆడవాళ్లెవరూ ఆ కొట్టు మెట్లెక్కలేదు. అందుకే రజనీ ఒక నియమం పెట్టుకుంది. మనిషిని చూడకూడదు, ఆదిని చూడాలి.

ఆదివారం భాగ్యవతిగారి చిన్నమ్మాయి పెళ్లి ప్రధానం. ఆవిడకు మెరూన్ పట్టు జాకెట్టు, కోడలు ఎవాంజెలిన్‌కు చిలకాకుపచ్చది. అత్తాకోడళ్లు వచ్చి, రెండు రంగుల సంచుల్లో రెండు ఆది జాకెట్లు ఇచ్చి వెళ్లారు. రజనీ చీటీల మీద పేరూ రంగూ రాసి, ఒక్కో సంచికి ఎర్ర పిన్నీసుతో గుచ్చింది. ఆ చీటీలు చూసుకునే పెద్ద ఆది ప్రకారం మెరూన్, చిన్న ఆది ప్రకారం పచ్చది కుట్టింది. అత్తగారు నిండు మనిషి, కోడలు పుల్ల. అంతా సవ్యంగానే ఉంది.

తొమ్మిదింటికి, నిన్న బడిలో జెన్నీ వేసిన పొద్దుతిరుగుడు పువ్వు వేషాన్ని మడత పెడుతుంటే, ఆకులకు గుచ్చిన రెండు ఎర్ర పిన్నీసులు కనిపించాయి.

"ఇవెక్కడివే?"

"సంచీలకి ఉన్నాయి మమ్మీ. రిహార్సల్‌కి దో పిన్ లానా అని మేడమ్ చెప్పినారు."

"మరి చీటీలు?"

"కింద పడినాయి. నువ్వు కుట్టకముందే మళ్లీ సంచీల లోపల పెట్టీసినాను కదా!" అంది జెన్నీ, మెచ్చుకోలు కోసం చూస్తూ.

"ఏది ఏ సంచీదో నీకెలా తెలిసిందే?"

"నాకు తెలుగు పఢ్‌నా రాదు కదా మమ్మీ. అందాజ్‌సే పెట్టీసినాను."

రజనీ వేషాన్ని పక్కకు నెట్టి సంచుల దగ్గరికి వెళ్లింది. గులాబీ సంచిని భాగ్యవతిగారు తన చేతికే ఇచ్చి, "ఇందులోది నా ఆది, జాగర్త" అనడం ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ సంచి తీసి చూసింది. అందులో ఉన్నది చిన్న జాకెట్టు! అంటే చీటీలు తారుమారయ్యాయి. అత్తగారి కొలతకు కోడలిది, కోడలి కొలతకు అత్తగారిది కుట్టేసింది. మార్కెట్ మాస్టరు రెండంగుళాలకే మునిగిపోయాడు. తాను కుట్టింది నాలుగంగుళాలు ఎక్కువ.

భాగ్యవతిగారు ఇందులో ఎలా పడతారన్న అనుమానం రాకపోలేదు. కానీ మనిషిని చూడకూడదు కదా!

మెరూన్ జాకెట్టును నాలుగంగుళాలు లోపలికి పట్టాలి. పచ్చదానికి అంత వదులూ ఇవ్వాలి. పచ్చదాని పక్కలు విప్పితే లోపల మిగులు చాలలేదు. మిగిలిన పచ్చ ముక్కలేమో జెన్నీ బొమ్మకు గౌనై కూర్చున్నాయి.

"గుడియాకి ఠండ్ లగేగీ మమ్మీ!" అని జెన్నీ, గౌను విప్పితే బొమ్మకు చలేస్తుందని దాన్ని గుండెకు హత్తుకుని ఏడుపు లంకించుకుంది. లేసు పెట్టి రెండు గౌన్లు కుడతానని ఒట్టు వేశాక గానీ ఆ గౌను చేతికి రాలేదు.

పదకొండింటికి కరెంటు పోయింది. మిషనుకు మోటారు పెట్టించాక కాలితో తొక్కే పట్టీ తీసేయించారు. ఇక చేసేదేమీ లేక రజనీ సూది పట్టుకుని చేత్తోనే కచ్చా కుట్లు వేసింది. కరెంటు వస్తే వాటి మీద గట్టి కుట్టు వేసుకోవచ్చు.

పన్నెండింటికి ఎవాంజెలిన్ ఫోను చేసింది. గొంతు గుసగుసలా ఉంది.

"దీదీ, ఆ ఆది సంగతి అత్తయ్యకి మాత్రం చెప్పకండి, ప్లీజ్."

రజనీ సూదిని గుడ్డలోనే వదిలేసింది. "నీకెవరు చెప్పినారమ్మా?"

"నేనే చూసుకున్నాను దీదీ, నిన్న. అయ్యో, అత్తయ్య వస్తన్నాది!" ఫోను ఆగిపోయింది.

తన పొరపాటు ఆ ఇంటిదాకా వెళ్లిపోయిందని రజనీ నిర్ధారణ చేసుకుంది. ఎలా వెళ్లిందో ఆలోచించే తీరిక లేదు. షోరూములో నిలబడితే కాళ్లు ఏ గంటకు వాస్తాయో లెక్క వేసుకుంటూ కుట్టింది.

నాలుగింటికి రావలసిన ఆటో రెండున్నరకే గుమ్మం ముందు ఆగింది.

"వందనాలమ్మా! గాజులు బేగి దొరికీసినాయి," అంటూ భాగ్యవతిగారు లోపలికి వచ్చారు. వెనకే కోడలు. "ఏటి, అయిపోయినాయా?"

"ఆంటీ, అది ఇంకా కచ్చా..."

"ఆది పెకారమే కుట్టినావు కదా? మరి భయమేటి?" అని ఆవిడ మెరూన్ జాకెట్టు అందుకుని లోపలి గదిలోకి వెళ్లి కర్టెను లాగేశారు.

ఎవాంజెలిన్ రజనీ చెవి దగ్గరకు వంగింది. "సారీ దీదీ. ఆ రోజు జల్దీలో తీగ మీదున్న జాకెట్టు సంచిలో పెట్టీసినాను. అది నాది కాదు, అత్తయ్యది. నిన్న ఆవిడ వెతుకుతుంటే తెలిసింది."

"మరి గులాబీ సంచిలోది?"

"అది అత్తయ్య పెళ్లినాటిది. పెట్టెలో దాచుకుంటాది. ఇప్పుడు అందులో ఆవిడ చెయ్యి కూడా దూరదు."

రజనీకి అంతా ఒక్కసారిగా తెలిసివచ్చింది. పొద్దున తొమ్మిదింటికి రెండు జాకెట్లూ సరిగ్గానే ఉన్నాయి! ఇద్దరిచ్చిన ఆదులూ తప్పే. జెన్నీ అందాజు ఒక్కటే ఒప్పు. దాన్ని ఐదున్నర గంటలు కష్టపడి తాను చెడగొట్టింది. ఇప్పుడు భాగ్యవతిగారు కర్టెను వెనక తన పెళ్లినాటి కొలతలోకి దూరుతున్నారు.

పర్ర్‌ర్‌మని చప్పుడైంది. కాసేపటికి ఇంకో పక్క నుంచి అలాంటిదే మరొకటి. రజనీ కళ్లు మూసుకుంది.

కర్టెను తొలగింది. జాకెట్టు ఆవిడ ఒంటికి అతికినట్టుంది. కచ్చా దారాలు రెండు పక్కలా తెగిపోయి, మొదట వేసిన గట్టి కుట్టు దగ్గర జాకెట్టు బుద్ధిగా ఆగింది.

"ఏదో దారం తెగినట్టయినాదమ్మా."

"అది తెగడానికే వేసినాను ఆంటీ," అంది రజనీ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

భాగ్యవతిగారు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూసినావా ఎవాంజెలినూ? నా పెళ్లి జాకెట్టు ఆది. ముప్పై రెండేళ్లయినా అంగుళం తేడా నేదు!"

"అవును అత్తయ్యా," అంది కోడలు నేల చూపులు చూస్తూ.

"రజనమ్మా, ఈస్టరుకి సమాజం ఆడోళ్లందరివీ నువ్వే కుట్టాల."

రజనీకి ఊపిరి ఆడింది. పొద్దుటి నుంచి గుండె మీదున్న షోరూము, దాని మెట్లతో సహా దిగిపోయింది. ఆవిడ అద్దం వదలకముందే పచ్చ జాకెట్టుకున్న బొమ్మ గౌను ముక్కలు ఊడదీసి జెన్నీ గుప్పిట్లో పెట్టింది. అంతలో కరెంటూ వచ్చింది. పావుగంటలో విప్పిన పక్కలు మళ్లీ కుట్టి ఇస్తే, అది ఎవాంజెలిన్‌కు కొలిచి పోసినట్టు పట్టింది. పెళ్లినాటి అత్తగారూ ఇప్పటి కోడలూ ఒకే కొలత అని ఆ ఇంట్లో ఒక్క కోడలికే తెలుసు.

ఆటో వెళ్లాక రజనీ కూతుర్ని ఒళ్లోకి లాక్కుని గట్టిగా ముద్దు పెట్టుకుంది. లేసు గౌన్ల మాట మరిచిపోవద్దని జెన్నీ గుర్తు చేసింది.

ఆ మర్నాటి నుంచి రజనీకుమారి చీటీలు హిందీలో రాస్తోంది, ఆది జాకెట్టును మాత్రం ఏ భాషలోనూ నమ్మడం లేదు.